మంద ఆగిన చోటు

...కాదు, కుడిచెయ్యే. మొదటిసారి మురహరి కుడిచెయ్యే ఎత్తాడు. ఎండ కంట్లో పడుతోందని నుదుటికి అడ్డం పెట్టుకున్నాడు, అంతే. మరి నిన్న ఎడమచెయ్యి ఎందుకు ఎత్తాడు? అడ్డం పెట్టుకోలేదు కూడా, రమ్మన్నట్టు ఊపాడు. ఎప్పుడు మారిందిది? మారలేదేమో. మొదటినుంచీ ఎడమచెయ్యేనేమో, కుడి అని తనే అనుకుంటోందేమో. పోనీ, చెయ్యి ఏదైతేనేం. మనిషి కనబడుతున్నాడు కదా. కనబడుతున్న మనిషిని పట్టుకుని ఇది ఏ చెయ్యి అని లెక్కలు తీసే ఆడది తను తప్ప ఈ లోకంలో ఇంకొకతె ఉంటుందా?

"టీ చల్లారిపోయిందమ్మా. దాన్నింక తాగకు, ముఖం కడుక్కో," అన్నారు జోగారావు మేష్టారు.

సునంద ఉలిక్కిపడి గ్లాసు అందుకుంది. మేష్టారు కిటికీ దగ్గర నడుం వంచి, దుర్భిణికి కన్ను ఆనించి నిలబడి ఉన్నారు. తలకు ఉన్ని టోపీ, మెడకు మఫ్లరు, దాని మీద ఇంకో మఫ్లరు. విజయనగరంలో పుట్టి పెరిగిన మనిషి. లదాఖ్ కొండల్లో ఇన్నేళ్ళుగా ప్రయోగశాల నడుపుతున్నా ఈ చలికి ఆయన ఒళ్ళు అలవాటు పడలేదు.

"ఇంకా అక్కడే ఉన్నాయా మేష్టారూ?"

"అక్కడే. ఎర్రరాళ్ళ మలుపులో, పెళ్ళివారు బస్సు కోసం నిలబడ్డట్టు నిలబడ్డాయి. కదలవు, మెదలవు, మెయ్యవు."

"తోడేలు వాసన తగిలిందేమో."

"నేనూ మొన్నటిదాకా అలాగే అనుకున్నాను. ఇలా వచ్చి నువ్వే చూడు. బెదిరిన గొర్రె చెవులు వెనక్కి పెడుతుంది. వీటివి ముందుకున్నాయి. అన్నీ ఒకే రాయికేసి చూస్తున్నాయి. ఇది బెదురు కాదమ్మా. ఎవరో వస్తారని ఎదురు చూస్తున్నట్టుంది."

సునంద లేవలేదు. ఏ రాయో ఆమెకు తెలుసు.

ఆ కొండగొర్రెలను ఇక్కడివాళ్ళు న్యాన్ అంటారు. దూడంత ఎత్తుంటాయి. మంచు కరగ్గానే కనుమ దాటి అవతలి పచ్చికకు వెళ్ళడం, చలికాలానికి మళ్ళీ ఈ లోయలోకి దిగడం, అదే వాటి బతుకు. ఆ దారి వాటికి పుట్టుకతో రాదు. పిల్ల తల్లి వెనక నడిచి నేర్చుకుంటుంది, ఆ తల్లి ఒకప్పుడు తన తల్లి వెనక నడిచింది. వేటగాళ్ళూ, ఊరకుక్కలూ, వరసగా వచ్చిన చెడ్డ చలికాలాలూ కలిసి ఈ లోయలో ముసలి గొర్రెలన్నిటినీ తినేశాక, దారి తెలిసింది ఒక్కటే మిగిలింది. దానికి ఒక కొమ్ము విరిగిపోయి ఉండేది. అది కూడా జబ్బుచేసి మేష్టారికి దొరికింది. ప్రయోగశాల దొడ్డిలో పుట్టి పెరిగిన గొర్రెలు పదిదాకా ఉన్నా, తలుపు తీస్తే వాటికి ఎటు పోవాలో తెలీదు.

"మనుషుల్ని గొర్రెల్లా పోతున్నారని తిడతారు," అనేవారు మేష్టారు, ఆ ముసలిదాని తల నిమురుతూ. "పాపం, గొర్రె ఎక్కడికి పోవాలో తెలిసే పోతుంది. మనకదీ లేదు."

అది చనిపోయేలోగా ఆయన దాని మెదడులోంచి దారిని గుర్తుపెట్టుకున్న కణాల్ని ఆవగింజంత తీసి, గాజుగిన్నెలో పెంచారు. ఆయన జీవితమంతా పెట్టి కనుక్కున్నది అదే. కణాలు బతికుంటే జ్ఞాపకమూ బతికే ఉంటుంది. ఆ గిన్నెను ఒక పెట్టెలో పెట్టి, ఒంటి వేడి ఎంతుంటుందో అంత వేడిగా ఉంచుతారు. దాన్ని వాళ్ళు జాడ అనేవారు. ఒక్కొక్క గొర్రెకూ చెవి వెనక చర్మం కింద బియ్యపుగింజంత పరికరం అమర్చారు. గొర్రెలు దొడ్డిలో ఉన్నా, కొండ మీదున్నా, నిద్రపోయినప్పుడు పెట్టెలోని జాడ వాటి కలలోకి వెళుతుంది. ఒక వేసవంతా రోజూ అలా అందితే, దారి వాటి సొంతమవుతుంది. అలా అందాకే, ఈ ఏడు మంచు కరగ్గానే దొడ్డి తలుపు తీశారు.

గొర్రెలకు ఇచ్చే ముందు ఒక మనిషి జాడను నడిచి చూడాలి. దారి మధ్యలో ఎక్కడైనా తెగిందేమో యంత్రానికి తెలీదు, మనసుకే తెలుస్తుంది. నుదుటికి పట్టీ కట్టుకుని, కళ్ళు మూసుకుని, నాలుగు కాళ్ళ మీద ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచి, బాగుందనో లేదనో చెప్పి పట్టీ తీసేయాలి. ఒక్కసారే. ఆ పని సునందది.

ఆ ఒక్కసారిలోనే ఎర్రరాళ్ళ మలుపులో మురహరి కనిపించాడు.

రెండు చలికాలాల కిందట, ఆ ముసలిగొర్రె వెనక కెమెరా పట్టుకుని వెళ్ళిన మనిషి. ఆ మలుపులోనే కొండ మీంచి మంచుపెళ్ళ విరిగి పడింది. మంచు కరిగాక ఎంత వెతికినా మనిషి దొరకలేదు. దొరకని మనిషి పెట్టెలో ఉన్నాడు. గొర్రె కళ్ళకు అతనికి ముఖం లేదు. రాయి మీద కూచున్న రెండుకాళ్ళ ఆకారం, చలికి నవిలే శొంఠిముక్క ఘాటు, నుదుటికి అడ్డంగా చెయ్యి. రెప్పపాటు చూసి, లక్ష్యపెట్టక గొర్రె మలుపు దాటేసింది. తరవాత వెనక కొండ ఉరిమినట్టు చప్పుడు, గొర్రె పరుగు. అంతే.

ఆ రోజు సునంద పట్టీ తీసి, "దారి బాగుంది మేష్టారూ, ఎక్కడా తెగలేదు," అంది. మేష్టారు సంతోషంతో ఆమె చేతికి బెల్లంముక్క ఇచ్చారు.

తరవాత ఆయన దొడ్డికి వెళ్ళినప్పుడల్లా పట్టీ కట్టుకునేది. దారి మొదటినుంచీ నడవాలి, మరో మార్గం లేదు. గులకరాళ్ళ వాలు, వాగు, గొర్రె ఒళ్ళు పట్టేంత అంచు, ఆ తరవాత ఎర్రరాళ్ళు. అక్కడ కాస్త నెమ్మదించేది. గొర్రె నెమ్మదించలేదు, తనే నెమ్మదించేది. తరవాత ఆగడం వచ్చింది. ఆగి చూస్తే ఆకారానికి ముఖం వచ్చింది. ముఖం వచ్చాక అది ఇటు తిరిగింది. చేయి మారిందని ఇవాళే గమనించింది గానీ, తను చూడని రోజుల్లో ఇంకా ఏమేం మారాయో ఎవరు చెప్పగలరు? అసలు మురహరి నడకలో వెనక్కి తిరిగి చూసే మనిషే కాదు. తిరుపతి మెట్ల మీద కూడా తనను వదిలేసి పైకి వెళ్ళిపోయి, మోకాళ్ళ పర్వతం దగ్గర కూచుని వేరుసెనక్కాయలు తింటూ దొరికాడు. ఆ మనిషి ఇప్పుడు రాయి మీదనుంచి తన కోసం చూస్తున్నాడు. చూస్తే తప్పా? బతికున్నన్నాళ్ళూ చెయ్యనిది ఇప్పుడు చేస్తున్నాడు, అంతే కదా.

ఫోను మోగింది. బొబ్బిలి నుంచి మురహరి చెల్లెలు శేషు.

"వదినా, వినబడుతోందా? నీ గొంతేవిటలా ఉంది, నూతిలోంచి మాట్లాడుతున్నట్టు?"

"ఇక్కడి సిగ్నలే అంత శేషూ. అందరూ బాగున్నారా?"

"ఉన్నాం. అమ్మ పక్కనే ఉంది. నువ్వే అడగవే అంటే తనడగదుట, నన్నడగమంటుంది."

"ఏమడగాలి?"

"తెలీనట్టు మాట్లాడకు వదినా. శాస్త్రిగారు మళ్ళీ వచ్చారు. మనిషి దొరకనప్పుడు దర్భలతో బొమ్మ చేసి కర్మ జరిపించొచ్చుట. మా పెద్దాడు కూచుంటాడు. నువ్వు ఊఁ అనాలిట, అదొక్కటే."

"దర్భల బొమ్మకి మీ అన్నయ్య పేరు పెట్టి కాలుస్తారా?"

శేషు గొంతు కాస్త తేలికైంది. "అన్నయ్యే ఉంటే ఏమనేవాడో తెలుసా? నా పొట్టకి పిడికెడు దర్భలేం చాలుతాయే, గడ్డిమోపు తెప్పించు అనేవాడు."

సునందకు నవ్వొచ్చింది. శేషు కూడా నవ్వింది. నవ్వు మధ్యలోనే అసలు మాటకొచ్చింది.

"మాకిక్కడ ఏడవడానిక్కూడా లేదు వదినా. ఏడిస్తే పోయాడని ఒప్పుకున్నట్టని అమ్మ ఏడవదు. మొన్న ఎవరో పేరంటానికి పిలవడానికొచ్చి, బొట్టు పెట్టాలా వద్దా అని నీ గురించి అడిగితే, ఏం చెప్పాలో తెలీక లోపలికెళ్ళిపోయింది. నువ్వొక్క మాటంటే మేమంతా కదులుతాం."

"మంద కనుమ దాటనీ శేషూ. దాటాక చెబుతాను."

"ఏ మంద?" అంది శేషు అర్థం కాక.

లైను తెగిపోయింది. తెగిందో, తనే పెట్టేసిందో సునందకు సరిగ్గా తెలియలేదు.

మధ్యాహ్నం దాటాక ఆమె ఎండుగడ్డి మూట వీపుకు కట్టుకుని ఎర్రరాళ్ళ మలుపుకు ఎక్కింది. మేష్టారికి మోకాళ్ళు సాగవు. "చూసి నడు. అక్కడెక్కడా కూచోకు," అని మాత్రం అన్నారు. ఎందుకన్నారో ఆమె అడగలేదు.

మంద ఆమెను చూసి బెదరలేదు. దొడ్డిలో ఆమె చేతిమీద పెరిగినవే. పక్కటెముకలు లెక్కపెట్టేలా ఉన్నాయి. కొన్నిటి కడుపులో పిల్లలున్నాయి. చుట్టుపక్కల గడ్డి ఎప్పుడో అయిపోయింది, నేల గీరినట్టుంది. అవతలి పచ్చిక వాసన గాలిలో సునందకే తెలుస్తోంటే, వాటికి తెలియకుండా ఎలా ఉంటుంది? ఎండుగడ్డి విప్పి ముందు వేసింది. ఒకటి వంగి మూతి పెట్టి, మళ్ళీ తలెత్తి రాయికేసి చూసింది. ఏదో చప్పుడు వినడానికి నమలడం ఆపేసిన మనిషిలా ఉంది.

రాయి మీద ఎవరూ లేరు. ఇది సునందకు తెలిసిన సంగతే. అయినా కొండెక్కుతున్నంతసేపూ, ఉంటాడేమో అనుకుంది. ఒళ్ళు తెలిసిన మనిషి అనుకోవలసిన మాట కాదది. ఇప్పుడు ఖాళీ రాయిని చూసి, మోసపోయినట్టు కోపం కూడా వచ్చింది.

రాళ్ళ వెనక ఒక గొర్రె పడి ఉంది. చచ్చి ఎంతోసేపు కాలేదు. కళ్ళు ఇంకా ఆరలేదు. దాని మెడ కూడా రాయివైపే ఉంది.

ఎండ రాయిని విడిచిపెట్టగానే మిగిలినవి ఒక్కొక్కటే మోకాళ్ళు మడిచి పడుకోవడం మొదలుపెట్టాయి. చలిలో కొండగొర్రెలు ఒకదాన్నొకటి ఒరుసుకుని, గాలి దూరే సందు లేకుండా పడుకుంటాయి. ఆ వేడే వాటికి దుప్పటి. సునంద చూస్తుండగా అవి అలాగే ఒరుసుకున్నాయి గానీ, నడిమధ్యలో ఒక్క జాగా వదిలేశాయి. ఒక ఒళ్ళు పట్టేంత జాగా. చుట్టూ ఉన్నవి వణుకుతున్నాయి. అయినా ఏ ఒక్కటీ దానిలోకి జరగలేదు. ఒక కుర్రగొర్రె నిద్రలో అటు ఒరిగి, ఉలిక్కిపడి, తప్పు చేసినట్టు వెనక్కి జరిగింది.

ఏ జంతువూ అలా పడుకోదు. అలా పడుకునేది తను. రెండు చలికాలాలుగా, మంచానికి గోడవైపు సగం వదిలేసి, అంచున ముడుచుకుని, నిద్రలో అటు దొర్లితే ఉలిక్కిపడి లేచి.

వాటికి దారి ఇచ్చాననుకుంది. ఏమిచ్చిందో ఇప్పుడు ఎదురుగా పడుకుని ఉంది. గొర్రెకు మురహరి ఎవరూ కాడు. ఆ ముసలిది ఇక్కడ ఆగలేదు, ఆగలేదు కనకే బతికింది. ఇవి ఆగాయి. ఏ నాడూ చూడని మనిషి కోసం, గర్భంతో, ఆకలితో, చెవులు ముందుకు పెట్టుకుని ఆగాయి.

ఆమె దిగి వచ్చేసరికి మేష్టారు పొయ్యి దగ్గర కూచుని ఉన్నారు. పక్కనే బల్లమీద పెట్టె సన్నగా గుర్రుమంటోంది.

"ఒకటి పోయింది మేష్టారూ."

"చూసేను. దుర్భిణిలో కనబడింది." ఆయన కట్టెపేడు పొయ్యిలోకి తోశారు. "నీ నుదుటి మీద గీత కూడా ఎప్పణ్ణించో చూస్తున్నానమ్మా. పట్టీ ఆనవాలు ఒక పూటలో పోవాలి. నీది పోవటం లేదు. తలనొప్పికి గుడ్డ కట్టుకుంటోందేమోలే అనుకున్నాను. అనుకోవాలనుకున్నాను."

సునంద నుదురు తడుముకుంది. దాచవలసిన మాట ఏదీ ఇక మిగల్లేదు.

"నేనక్కడ ఆగినట్టే అవీ ఆగుతున్నాయి," అంది. "నాకెందుకు తట్టలేదు? జాడ అంటే ఫొటో కాదని, బతికున్నదని నాకు తెలుసు కదా."

"తెలిసినవన్నీ మనకి తడతాయా? బతికున్న జ్ఞాపకం తలచుకున్నప్పుడల్లా మైనంలా మెత్తబడుతుంది. మెత్తబడ్డప్పుడు ఎవరి వేలు తగిలితే వాళ్ళ అచ్చు పడుతుంది. ఒక్కసారికి ఏం కాదనుకున్నాను. నీలాంటి దాని చేతికి ఆ గిన్నె ఇచ్చి, ఒక్కసారే చూసి ఊరుకో అన్నాను చూసేవా, అదీ నా తెలివి."

"ఆ మలుపు మటుకు తీసేయలేమా?"

"తీసేస్తే దారి రెండు ముక్కలవుతుంది. ఇటు సగం, అటు సగం. గొర్రెకి మధ్యలో గోడ కట్టినట్టే. తీయడానికి లేదు. ఎవరో మళ్ళీ నడవాలి. అక్కడ ఆగకుండా నడవాలి. అలా నడిచినదే ఇవాళ వాటి కలలోకి వెళ్ళాలి. ఇంకో నాలుగు రోజులు ఇలాగే ఉంటే నడవడానికి కాళ్ళుండవు వాటికి."

"మీరు నడవండి మేష్టారూ."

"నేనా? నేను నడిస్తే మందంతా మోకాళ్ళు పట్టుకుని కుంటుతుంది." ఆయన నవ్వబోయి మానేశారు. "నేను నడవొచ్చు. నేనైతే ఆగను కూడా. కానీ అక్కడ పడ్డది నీ అచ్చు. నేను దాని మీంచి నడిస్తే నీది కింద అలాగే ఉంటుంది, మళ్ళీ ఎప్పుడో పైకొస్తుంది. నువ్వు చేసిన మడత నువ్వే విప్పాలి. దాంతో అతను..."

"ఉండడు."

"గొర్రె చూసినంత ఉంటాడు. రెప్పపాటు."

సునంద పెట్టె మీద చెయ్యి వేసింది. వెచ్చగా ఉంది. రెండు చలికాలాలుగా ఈ ఇంట్లో ఒంటివేడి ఉన్న వస్తువు ఇదొక్కటే. రెప్పపాటు. అన్నేళ్ళ సంసారం చేసి, రెప్పపాటు మిగుల్చుకోవడం. అది కూడా ముఖం లేకుండా, తనకేసి చూడకుండా.

"నేను బయట కూచుంటాను," అన్నారు మేష్టారు లేస్తూ. "ఎంతసేపైనా పట్టనీ."

ఆమె పట్టీ కట్టుకుని కళ్ళు మూసుకుంది.

కాళ్ళు నాలుగయ్యాయి. గులకరాళ్ళు గిట్టల కింద జారాయి. వాగు చల్లదనం పొట్టకు తగిలింది. అంచు మీద గాలి పక్కనుంచి తోస్తే, ఒళ్ళు దానంతటదే కొండకు ఒరిగింది. ఎర్రరాళ్ళు కనబడ్డాయి. శొంఠి ఘాటు ముక్కుకు తగిలేసరికి, ఎప్పటిలాగే నడక తనకు తెలియకుండానే మెల్లబడింది.

రాయి మీద మురహరి ఉన్నాడు. ఇటు తిరిగే ఉన్నాడు. కనుబొమ దగ్గర చిన్నప్పటి కుట్లు, చెవి మీద నెరిసిన వెంట్రుకలు, అన్నీ ఉన్నాయి. ఇంత దగ్గరగా, ఇంత తీరికగా బతికున్నప్పుడెప్పుడైనా చూసిందా?

"వచ్చావా? ఇవాళ ఆలస్యమైందేం?" అన్నాడు.

ఆ మాట సాగదీసిన తీరు ఆమె గుర్తుపట్టింది. అది తన యాస. గుమ్మంలో నిలబడి తను అతన్ని అడిగే మాట, తన గొంతుతోనే, అతని నోటిలోంచి వస్తోంది. ఎన్ని రోజులుగా ఇలా మాట్లాడుతున్నాడు? ఎన్ని రోజులుగా ఇక్కడ తను ఒక్కతే ఉంది?

"కూచో కాసేపు," అన్నాడు మురహరి. అడిగింది ఎవరో తెలిసినా కూచోవాలనే ఉంది. తెలియడం వల్ల కోరిక పోదు. ఆ ముఖం కింద ఎక్కడో, సున్నం కింద పాతరంగులా, ముఖం లేని ఆకారం ఒకటి ఎదురుకొండకేసి చూస్తూ కూచుని ఉందని ఆమెకు తెలుసు. దానికి తను అక్కర్లేదు. అది తన కోసం రాలేదు, తనను వదిలి పోవాలనీ అనుకోలేదు. దాని మానాన అది ఒక ఎండరోజున కొండను చూస్తోంది.

వీపు వెనక వెచ్చటి ఊపిర్లు తగిలాయి. తిరిగి చూడలేదు గానీ, అవి అక్కడున్నాయని తెలుసు. తను నిలబడింది కనక నిలబడ్డాయి.

మలుపు అవతల నుంచి గాలి తిరిగింది. తడిసిన పచ్చిక వాసన వచ్చి శొంఠి ఘాటు మీద పడింది. గొర్రె మెడ అటు తిరగాలని చూసింది. ఇన్నాళ్ళూ దాన్ని పట్టి ఆపింది తనే.

"సునందా," అన్నాడతను.

ఆమె మెడను వదిలేసింది. అది పచ్చిక వైపు తిరిగింది. ముందుకాలు తీసి అవతలి రాయి మీద పెట్టింది. రాయి కాస్త కదిలి, నిలిచింది. వెనక కాలు కూడా తీసి, దాని పక్కన పెట్టింది.